రైఫిల్ షెల్స్ రీసైజ్ చేయడం: డై తిప్పే ముందు కొలత తీయండి

తిరుపతి, చిత్తూరు, మదనపల్లె వైపు నుంచి వెళ్ళి టెక్సాస్‌లోనో అరిజోనాలోనో ఉంటున్న మనవాళ్ళలో శని, ఆదివారాలు రేంజికి వెళ్ళేవాళ్ళు తక్కువేం కాదు. అక్కడ కాల్చాక మిగిలే షెల్స్‌ని, అంటే తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాల్ని, ఇంటి గరాజ్‌లో మళ్ళీ లోడ్ చేసుకుంటారు. కాల్చినప్పుడు ఉబ్బిన షెల్‌ని ప్రెస్‌లో పెట్టి, డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కి మళ్ళీ సైజుకి తేవడమే రీసైజ్. వాళ్ళు ఫోన్ చేసి అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే. "అన్నా, డై షెల్ హోల్డర్‌కి ఆనేదాకా తిప్పినాను, కాగితంలో రాసినట్టు ఇంకో పావు చుట్టు కూడా తిప్పినాను. అయినా బోల్టు గట్టిగా పడతాంది, ఏందిది?" షెల్ హోల్డర్ అంటే ప్రెస్‌లో షెల్ అడుగుని పట్టుకునే ముక్క, బోల్టు అంటే తూటాని వెనక నుంచి మూసే రైఫిల్ భాగం. ఇంకొందరిది దీనికి తిరగేసిన బాధ. బోల్టు వెన్నలా పడుతుంది, కానీ మూడు నాలుగుసార్లు కాల్చేసరికి షెల్ అడుగు దగ్గర చుట్టూ తెగిపోతుంది.

రెండింటికీ మూలం ఒక్కటే. డైతో వచ్చిన కాగితం మీ రైఫిల్‌ని చూడలేదు. ఎంత నొక్కాలో చెప్పగలిగింది మీ రైఫిల్ ఛాంబర్, అంటే తూటా కూర్చునే గది, మాత్రమే. ఆ ఛాంబర్ కొలత, మీరు కాల్చి బయటికి తీసిన షెల్ మీదే అచ్చు పడి ఉంటుంది. దాన్ని చదవడం రావాలి, అంతే.

ముందు చట్టం సంగతి

ఇది తిరుపతిలోనో చిత్తూరులోనో కూర్చుని చదువుతున్నవాళ్ళ కోసం. మన దేశంలో తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు తయారు చేసుకునే హక్కు రాదు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తయారీకి వేరే లైసెన్సు కావాలి. అదే చట్టం మందుగుండుకి ఇచ్చిన నిర్వచనంలో తూటా విడిభాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి. అంటే ఖాళీ షెల్, ప్రెస్ కూడా 'ఉత్త ఇత్తడి ముక్క, ఉత్త ఇనుప ముక్క' అనుకోవడానికి లేదు. కాబట్టి రాతపూర్వకమైన అనుమతి చేతిలో లేనివాళ్ళు దీన్ని చదివి వదిలేయండి. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా విడిపోయింది. తిరుపతి జిల్లాలోకి వచ్చినవాళ్ళు అనుమతుల గురించి అడగాల్సింది తిరుపతి కలెక్టరేట్‌లోనే.

అమెరికా నుంచి సెలవులకి వచ్చేవాళ్ళకి ఇంకో మాట. రేంజికి తీసుకెళ్ళిన బ్యాగుని అలాగే సర్దుకుని విమానం ఎక్కొద్దు. అన్ని జేబులూ తిరగేసి దులపండి. ఒక్క షెల్ మూలన పడి ఉన్నా చెన్నైలోనో రేణిగుంటలోనో గంటల తరబడి నిలబడాల్సి రావచ్చు. అక్కడ దాటినా కొండకి వెళ్ళేటప్పుడు అలిపిరి దగ్గర బ్యాగులు స్కాన్ చేస్తారు. షెల్‌తో చేసిన కీచైన్ కూడా ఇంట్లోనే పెట్టి రండి.

కింద రాసిందంతా ఖాళీ షెల్ వరకే. మందు, ప్రైమర్ (షెల్ అడుగున ఉండి మందుని అంటించే చిన్న టోపీ), బుల్లెట్ ఎక్కించడం ఇందులో లేదు.

మాటలు, కొలతలు

షెల్‌కి కింద అడుగు, దానిపైన ఒళ్ళు, ఆపైన వాలుగా ఉండే భుజం, భుజం మీద మెడ, చివర మూతి. కాల్చినప్పుడు లోపలి ఒత్తిడికి ఇత్తడి ఉబ్బి ఛాంబర్ గోడలకి అతుక్కుంటుంది, మళ్ళీ కొంచెం సర్దుకుంటుంది. .308 విన్‌చెస్టర్‌లో ఆ ఒత్తిడి గరిష్ఠంగా చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా ఉంటుంది. కారు టైర్లో మనం కొట్టించే గాలి 32 పౌండ్లు.

కొలతలన్నీ అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతాను. లేత్ షాపుల్లో దాన్నే 'థౌ' అంటారు. 1 థౌ అంటే 0.0254 మిల్లీమీటర్లు. 2 థౌ తల వెంట్రుక మందం కంటే పెద్ద ఎక్కువేం కాదు. ఈ పని మొత్తం ఆ 2 థౌ చుట్టూనే తిరుగుతుంది.

కావలసినవి

ఒకసారికి ఒక షెల్ నొక్కే సింగిల్ స్టేజ్ ప్రెస్. మీ క్యాలిబర్‌కి సరిపోయే ఫుల్ లెంగ్త్ సైజింగ్ డై, షెల్ హోల్డర్. 6 అంగుళాల డిజిటల్ కాలిపర్ (దవడల మధ్య పట్టి కొలిచేది). దానికి బిగించే కంపారేటర్ బుష్. సైజింగ్‌కని అమ్మే లూబ్, అంటే షెల్ డైలో జారడానికి రాసే జిడ్డు. మెడ లోపల తోమే నైలాన్ బ్రష్. పెరిగిన పొడవు కోసే ట్రిమ్మర్, మూతి అంచులు గీకే ఛాంఫర్ టూల్. కళ్ళద్దాలు. సన్నని ఉక్కు తీగ ఒక ముక్క, అది ఎందుకో తర్వాత చెబుతాను.

వీటిలో జనం కొనకుండా వదిలేసేది కంపారేటర్ బుష్. నన్నడిగితే డై కంటే ముందు కొనాల్సింది అదే. షెల్ భుజం వాలుగా ఉంటుంది కాబట్టి కాలిపర్ నేరుగా అక్కడ ఆనదు. బుష్‌లో ఉన్న రంధ్రం అంచు వెళ్ళి భుజం మధ్యలో ఆగుతుంది, అడుగు నుంచి అక్కడికి ఎంతుందో తెలుస్తుంది. .308 అయితే 0.400 అంగుళాల రంధ్రం, అంటే 10.16 మిల్లీమీటర్లు. లేత్ దగ్గర చిన్న రాడ్డు ముక్కకి ఆ రంధ్రం వేయించి ముఖాలు చదునుగా తీయించినా సరిపోతుంది. అప్పటికప్పుడు కావాలంటే .40 ఎస్ అండ్ డబ్ల్యూ పిస్తోలు ఖాళీ షెల్‌ని .308 మెడ మీద బోర్లించి రెండింటినీ కలిపి కొలవండి. అసలు అంకె ఎంతొచ్చినా ఫరవాలేదు. కాల్చిన షెల్‌కీ, సైజ్ చేసిన షెల్‌కీ తేడా ఎంత అన్నదే మనకి కావాలి.

1. ఏరివేయండి

ఒకే కంపెనీవి, ఒకే సంఖ్యలో కాల్చినవి ఒక గుంపుగా పెట్టండి. ఒక్కో కంపెనీ ఇత్తడి మందం, గట్టిదనం వేరు. కలగాపులగం చేస్తే ఒకే డై సెట్టింగులో ఒక్కోటి ఒక్కోలా వస్తుంది. వేరేవాళ్ళ రైఫిల్‌లో కాల్చి నేల మీద పడేసినవి ఏరుకొచ్చారా, వాటిని అసలు కలపొద్దు. వాటి మీద ఉన్న అచ్చు వాళ్ళ ఛాంబర్‌ది.

టార్చి వేసి షెల్ లోపలికి చూడండి. అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటే బాక్సర్ రకం, పని జరుగుతుంది. పక్కపక్కనే రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డాన్ రకం. దాన్ని డైలోకి తోస్తే ప్రైమర్ తోసే పిన్ను విరగడం ఖాయం. మెడ పగిలినవి, ఒంటి మీద చీలిక ఉన్నవి, ప్రైమర్ గుంట వదులైనవి పక్కకి తీసేయండి. పేలని ప్రైమర్ ఉన్న షెల్ కనిపిస్తే ఆ గుంపులో ఉంచొద్దు, సుత్తి, పిన్ను దగ్గరికి తీసుకెళ్ళొద్దు.

ఇప్పుడు ఆ తీగ ముక్క. చివర 2 మిల్లీమీటర్లు లంబంగా వంచి, మొనని అరంతో పదును చేయండి. షెల్‌లోకి దించి, లోపలి గోడకి ఆనించి, అడుగు నుంచి పైకి మెల్లిగా లాగండి. అడుగు పైన పావు అంగుళం నుంచి మూడెనిమిదో వంతు మధ్యలో మొన ఒక గాడిలో పడి 'టిక్' అన్నట్టు తగిలితే అక్కడ గోడ సాగి పలచబడింది. ఇంకోసారి కాల్చితే తెగేది అక్కడే. ఆ షెల్ మూతిని ప్లయర్‌తో నొక్కి పాడుచేసి తుక్కులో వేయండి. మొన తగిలింది గాడో మసో తేల్చుకోలేకపోతే, అనుమానం ఉన్న షెల్ ఒకటి నిలువుగా కోసి చూడండి. ఒక్కసారి ఆ పలచని గీత కంటితో చూశాక వేళ్ళకి జన్మలో మళ్ళీ చెప్పక్కర్లేదు.

2. మసి, మన్ను పోగొట్టండి

మెరిసిపోనక్కర్లేదు, ఇసుక రేణువు ఉండకూడదు, అంతే. ఒక్క రేణువు డై లోపల ఇరుక్కుంటే ఆ తర్వాత వచ్చే ప్రతి షెల్ మీదా నిలువు గీత పడుతుంది.

ఇక్కడ మనవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది: దీపపు కుందులు తోమినట్టు చింతపండుతో తోమొచ్చా? తోమొచ్చు, పులుపుకి ఇత్తడి మీద నలుపు పోతుంది. కానీ నానబెట్టి మరిచిపోవద్దు. షెల్ ఇత్తడిలో రాగి 70 పాళ్ళు, జింకు 30 పాళ్ళు. పులుపులో ఎక్కువసేపు ఉంటే పైపొరలో జింకు కరిగిపోయి గులాబీ రంగు తేలుతుంది. పైగా చింతపండు పిప్పి ప్రైమర్ గుంటలో ఇరుక్కుంటే తీయడం పెద్ద పని. దానికంటే లీటరు వేడినీళ్ళలో ఒక టీస్పూను నిమ్మ ఉప్పు వేసి 5 నిమిషాలు ఉంచి, రెండుసార్లు మంచినీళ్ళతో జాడించి ఆరబెట్టడం సుఖం. ఇత్తడి పాలిష్‌లలో అమోనియా ఉన్నవి మాత్రం వద్దు. అమోనియా తగిలిన ఇత్తడి ఒత్తిడికి పగులుతుంది.

ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. వంటగది సింకు, వంట గిన్నెలు వాడొద్దు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి, ఆ తర్వాతే పిల్లల్ని ఎత్తుకోండి.

3. కాల్చిన షెల్ కొలత రాసుకోండి

అందరూ దాటేసే మెట్టు ఇదే.

ముందు పేలిన ప్రైమర్ తీసేయండి. ప్రైమర్ ఉండగా కొలిస్తే, ఉబ్బిన దాని ముఖం మీద కాలిపర్ ఆని 2, 3 థౌ ఎక్కువ చూపిస్తుంది. ప్రైమర్ తోయడానికి విడిగా డీకాపింగ్ డై ఉంటే మంచిది. లేదంటే సైజింగ్ డైనే బాగా పైకి తిప్పి, లోపలి పిన్ను మాత్రమే తగిలేలా పెట్టుకోండి, షెల్ ఒళ్ళు డైకి తగలకూడదు. మిలిటరీ షెల్స్‌లో ప్రైమర్ చుట్టూ అంచు నొక్కి ఉంటుంది, వాటికి కొంచెం బలం ఎక్కువ పట్టొచ్చు.

కంపారేటర్ బుష్ బిగించి కాలిపర్‌ని సున్నా చేసి, 5 షెల్స్ కొలవండి. ఉదాహరణకి అంగుళాల్లో 1.630, 1.6295, 1.630, 1.6285, 1.630 వచ్చాయనుకోండి. సగటు తీయకండి. ఎక్కువసార్లు వచ్చిన పెద్ద అంకెనే తీసుకోండి, ఇక్కడ 1.630. తక్కువ వచ్చినవి ఛాంబర్‌ని పూర్తిగా నింపనివి. ఒక్కసారే కాల్చిన షెల్ చాలాసార్లు పూర్తిగా నిండదు. అందుకే రెండు మూడుసార్లు కాల్చినవి ఉంటే వాటి మాట ఎక్కువ నమ్మండి.

మనకి కావలసిన కొలత ఇప్పుడు తేలిపోయింది. బోల్ట్ యాక్షన్ రైఫిల్ అయితే భుజం 1 నుంచి 2 థౌ వెనక్కి పోవాలి: 1.630 నుంచి 1.628కి. సెమీ ఆటోమేటిక్ అయితే 3 నుంచి 4 థౌ. దాంట్లో బోల్టుని మీ చెయ్యి తోయదు, స్ప్రింగ్ తోస్తుంది, కాబట్టి కాస్త ఎక్కువ సందు కావాలి.

4. లూబ్

లూబ్ లేకుండా డైలోకి తోసిన షెల్ బయటికి రాదు. "ఒక్కదానికే కదా" అనుకున్న ఆ ఒక్కటే ఇరుక్కుంటుంది.

ఒంటికి పలచగా, చుట్టూ పట్టాలి. అడుగు వైపు సగం ముఖ్యం, ఎక్కువ నొక్కుడు పడేది అక్కడే. వేలితో రాస్తే వేలు జారినట్టు ఉండాలి, కారినట్టు ఉండకూడదు. భుజం మీద అసలు పెట్టొద్దు. అక్కడ లూబ్ పోగుపడితే డై లోపల పోవడానికి దారి లేక ఇత్తడినే లోపలికి నొక్కేస్తుంది. భుజం మీద సొట్ట కనిపిస్తే కారణం అదే. చిన్న సొట్ట మళ్ళీ కాల్చినప్పుడు సర్దుకుంటుంది, మడత పడ్డట్టున్నవి తీసేయండి.

స్ప్రే ఇంట్లో చేసుకునేవాళ్ళు ద్రవ లానోలిన్ 1 పాలు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 12 పాళ్ళు కలుపుతారు. 70 శాతం స్పిరిట్‌లో నీళ్ళుంటాయి, కుదరదు. స్ప్రే కొట్టిన వెంటనే నొక్కకండి. ఆల్కహాల్ ఆవిరై చేతికి కొంచెం జిడ్డు తగిలేదాకా, ఐదు నిమిషాలైనా ఆగండి. స్ప్రేతో షెల్ ఇరుక్కుందని చెప్పేవాళ్ళలో చాలామంది ఆగనివాళ్ళే. ఆల్కహాల్ దగ్గర మంట ఉండకూడదు. కొబ్బరి నూనె, కుట్టుమిషన్ నూనె లాంటివి ఈ ఒత్తిడికి నిలబడవు, వాటితో ప్రయోగాలు వద్దు.

మెడ లోపల నైలాన్ బ్రష్‌కి చిటికెడు లూబ్ పట్టించి ఒకసారి తిప్పండి. హ్యాండిల్ పైకి ఎత్తేటప్పుడు 'కీచ్' మని శబ్దం వస్తోందంటే మెడ లోపల పొడిగా ఉంది, ఎక్స్‌పాండర్ గుండు (డై లోపలి కడ్డీకి ఉండి మెడ లోపలి కొలత సరిచేసేది) మెడని ఈడ్చుకుంటూ బయటికి వస్తోంది. అది మెడని వంకర చేస్తుంది, మీరు శ్రమపడి వెనక్కి నెట్టిన భుజాన్ని మళ్ళీ ముందుకి లాగుతుంది.

5. డై సెట్ చేయండి

ర్యామ్ (షెల్ హోల్డర్‌ని పైకి మోసే ప్రెస్ కడ్డీ) పూర్తిగా పైకి లేపి, డైని షెల్ హోల్డర్‌కి ఆనేదాకా తిప్పండి. అక్కడి నుంచి ఒక పూర్తి చుట్టు వెనక్కి విప్పండి. మార్కర్‌తో డై మీద, ప్రెస్ మీద ఒకే గీత గీయండి.

డై మర అంగుళానికి 14 చుట్లు. అంటే ఒక చుట్టుకి 71 థౌ, ఎనిమిదో వంతుకి దాదాపు 9 థౌ, 5 డిగ్రీలకి 1 థౌ. గోడ గడియారం ముఖం ఊహించుకోండి: ఒక నిమిషం గీతకీ ఇంకో గీతకీ మధ్య 6 డిగ్రీలు. ఆ కాస్త తిప్పితే 1 థౌకి కొంచెం పైన. కాగితంలో చెప్పే 'ఇంకో పావు చుట్టు' ఎంతో మీరే లెక్కేయండి, 18 థౌ.

ఇప్పుడు లూబ్ పట్టిన షెల్‌ని నొక్కి, తీసి, తుడిచి, కొలవండి. ఇక్కడే చాలామంది కంగారు పడతారు. 1.630 ఉన్నది తగ్గాల్సింది పోయి 1.632 అవుతుంది! కాలిపర్ చెడిపోలేదు. డై ముందు షెల్ ఒంటిని చుట్టూ నొక్కుతుంది. పిండిన ఇత్తడి ఎటో ఒకటు పోవాలి కదా, పైకి పోయి భుజాన్ని ముందుకి తోస్తుంది. జంతికల గొట్టంలో పిండి లాంటిదే. డై లోపలి భుజం ఇంకా షెల్ భుజానికి తగలలేదన్నమాట. మొదట్లో చెప్పిన 'బోల్టు గట్టిగా పడతాంది' గొడవ చాలాసార్లు ఇక్కడ పుట్టిందే. సైజ్ చేశామనుకుంటారు, నిజానికి షెల్ ముందుకంటే పొడవైంది.

కాబట్టి ఎనిమిదో వంతు చొప్పున దించుతూ కొలుస్తూ పోండి. అంకె పెరిగి, ఆగి, తగ్గడం మొదలవుతుంది. తగ్గడం మొదలయ్యాక ఒక్కో నిమిషం గీతంత చొప్పున తిప్పండి. 1.628 రాగానే ఆపండి. నొక్కిన షెల్‌నే పదేపదే నొక్కుతూ సెట్ చేయకండి, నాలుగైదు షెల్స్ మార్చండి. చివరి అంకెని మాత్రం ఒక్కసారి కూడా నొక్కని కొత్త షెల్‌తో ఖాయం చేసుకోండి.

డై కదలకుండా పట్టే లాక్ రింగ్ బిగించేటప్పుడు డైలో షెల్ ఉంచి, ర్యామ్ పైకి నొక్కి పట్టుకుని బిగించండి. మర చుట్ల మధ్య వదులు ఒకవైపుకి సర్దుకుని డై నిటారుగా కూర్చుంటుంది. ఊరికే బిగిస్తే అంకె 1, 2 థౌ జరుగుతుంది.

ఇంకో దారి: బైకు మెకానిక్కులు టాపెట్ సెట్ చేయడానికి వాడే ఫిల్లర్ గేజ్ ఉంటుంది కదా. డైకీ షెల్ హోల్డర్‌కీ మధ్య ఎంత సందు ఉన్నప్పుడు సరైన కొలత వచ్చిందో దాంతో కొలిచి రాసి పెట్టుకోండి. డై విప్పి మళ్ళీ బిగించినప్పుడు మొదటినుంచి వెతుక్కునే పని ఉండదు.

డై పూర్తిగా ఆనినా భుజం కదలకపోతే, షెల్ నొక్కేటప్పుడు ఆ రెండింటి మధ్య వెలుతురు కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే ప్రెస్ ఒత్తిడికి సాగుతోంది. అప్పుడు ఆనిన చోటు నుంచి ఎనిమిదో వంతు దించవచ్చు. అదీ చాలకపోతే ఇత్తడి గట్టిపడి ఉంటుంది. బిందెలు చేసే కంచరివాళ్ళు కొట్టిన కొద్దీ గట్టిపడే ఇత్తడిని మధ్యమధ్యలో వేడి చేసి మెత్తబరుస్తారు, ఇక్కడా అదే సూత్రం. అయితే షెల్‌కి వేడి తగలాల్సింది మెడకీ భుజానికీ మాత్రమే. అడుగు మెత్తబడితే ఆ షెల్ బాంబుతో సమానం. నేర్పేవాళ్ళు దగ్గర లేకుండా ఆ పని మొదలెట్టకండి.

6. గుంపు మొత్తం నొక్కండి

అన్నిటికీ ఒకే వేగం. హ్యాండిల్ కిందికి దించాక ఒక క్షణం అలాగే పట్టుకుని వదలండి. ప్రతి పదో షెల్‌ని కొలవండి. 1 థౌ అటూ ఇటూ పరవాలేదు. 3 థౌ తేడా వస్తుంటే లూబ్ ఒకేలా పట్టడం లేదు, లేదా గుంపులో వేరే కంపెనీవి కలిశాయి.

హ్యాండిల్ మధ్యలో ఒక్కసారిగా బరువెక్కితే అక్కడే ఆగండి. దింపేయాలని బలం పెట్టకండి. మెల్లిగా వెనక్కి తీసి, ఇంకొంచెం లూబ్ పెట్టండి.

7. ఇరుక్కుపోతే

షెల్ డైలో ఉండిపోయి, షెల్ హోల్డర్ దాని అంచుని చీల్చుకుని కిందికి వచ్చేసిందా? సుత్తి, రాడ్డు తీయకండి. డైని ప్రెస్ నుంచి విప్పి, లోపలి డీకాపింగ్ కడ్డీని వీలైనంత పైకి తిప్పేయండి, లేకపోతే డ్రిల్లు దాన్ని తినేస్తుంది. షెల్ అడుగున ప్రైమర్ రంధ్రం మధ్యలో 5 మిల్లీమీటర్ల డ్రిల్లు వేసి, ఎం6 ట్యాప్‌తో మర తీయండి. డై కింద షెల్ కంటే వెడల్పైన బుష్ ముక్క, దానిమీద వాషర్ పెట్టి, ఎం6 బోల్టు ఎక్కించి బిగిస్తూ పోతే షెల్ ఎంచక్కా బయటికి జారుతుంది. కొత్త షెల్ పెట్టే ముందు డై లోపల స్పిరిట్‌తో తుడిచి, ఇత్తడి పొర అంటుకుందేమో టార్చితో చూడండి.

8. మెడ, పొడవు

బుల్లెట్‌ని పట్టుకునేది మెడ. .308 బుల్లెట్ వ్యాసం 0.308. మెడ గోడ మందం 15 థౌ అనుకుంటే, బుల్లెట్ ఎక్కాక మెడ బయటి కొలత 0.338 అవుతుంది. సైజ్ చేసిన ఖాళీ మెడ 0.336 ఉంటే 2 థౌ పట్టు ఉన్నట్టు. సాధారణ డైలో ఇది ఎక్స్‌పాండర్ గుండుతోనే తేలిపోతుంది. బుషింగ్ డై (మెడని నొక్కే రింగు మార్చుకోగల డై) వాడేవాళ్ళు ఆ లెక్కతో 0.336 బుషింగ్‌తో మొదలుపెట్టి, మెడ తిరిగి తెరుచుకుంటే 0.335కి మారండి.

పొడవు సైజ్ చేశాకే కొలవాలి, ముందు కొలిస్తే దండగ. గరిష్ఠ పొడవు, ట్రిమ్ చేయాల్సిన పొడవు ఇవి:

- .223 రెమింగ్టన్: 1.760, 1.750
- .308 విన్‌చెస్టర్: 2.015, 2.005
- .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్: 2.494, 2.484

గరిష్ఠం దాటిన షెల్ మూతి ఛాంబర్ చివర ఇరుక్కుని బుల్లెట్‌ని వదలదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ట్రిమ్ చేశాక మూతి లోపలా బయటా బర్, అంటే కోసినచోట మిగిలే గరుకు అంచు, తీయండి. చాకులా పదును పెట్టొద్దు, గోరుకి గరుకు తగలకపోతే చాలు.

9. లూబ్ తుడిచేయండి

స్పిరిట్ గుడ్డతో ఒక్కొక్కటీ తుడవండి, లేదా షెల్స్ తోమడానికి వాడే పొడి గింజల మీడియాలో అరగంట తిప్పండి. ఒంటి మీద జిడ్డు ఉండిపోతే కాల్చినప్పుడు షెల్ ఛాంబర్ గోడని పట్టుకోలేదు, వెనకున్న బోల్టు మీద బరువంతా పడుతుంది.

10. రైఫిల్‌లో పెట్టి చూడండి

ప్రైమర్ లేని, మందు లేని, బుల్లెట్ లేని ఖాళీ షెల్ మాత్రమే. గదిలో అసలు తూటాలు ఉండకూడదు. బోల్టులోంచి ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ని కొట్టేది), ఎజెక్టర్ (షెల్‌ని బయటికి విసిరేది) తీసేయడం తెలిసినవాళ్ళు తీసేసి చూడండి, వాటి స్ప్రింగుల బలం లేకపోతేనే అసలు సంగతి చేతికి తెలుస్తుంది. షెల్ పెట్టి బోల్టు ముందుకి తోసి హ్యాండిల్ వదిలేయండి. దాని బరువుకి అదే కిందికి పడితే సరిగ్గా ఉంది. సగంలో ఆగి, వేలితో తాకితే పడితే 1 థౌ దగ్గర ఉన్నట్టు, గురి పోటీలకి కొందరు అలాగే ఉంచుకుంటారు. చేత్తో నొక్కాల్సి వస్తే ఇంకో నిమిషం గీత దించండి.

బోల్టు హాయిగా పడింది కదా అని అక్కడితో ఆగొద్దు, అంకె కూడా చూడండి. 2 థౌ నొక్కినా పడుతుంది, 10 థౌ నొక్కినా పడుతుంది. 10 థౌ నొక్కిన షెల్‌ని ఫైరింగ్ పిన్ ముందుకి తోస్తుంది, పలచని ముందు భాగం ఛాంబర్‌ని పట్టుకుంటుంది, మందపు అడుగు వెనక్కి బోల్టు దాకా సాగుతుంది. సాగేది ప్రతిసారీ ఒకే చోట, తీగ మొన తగిలిన ఆ పావు అంగుళం దగ్గర. .303, .315 లాంటి అంచు ఉన్న తూటాలలో ఇది మరీ ఎక్కువ. ఛాంబర్‌లో వాటిని ఆపేది అంచు కాబట్టి భుజం దగ్గర ఎంత ఖాళీ ఉన్నా రైఫిల్ అభ్యంతరం చెప్పదు, షెల్ మాత్రం సాగిపోతూనే ఉంటుంది. వాటికి కూడా భుజం కొలతే చూసి సైజ్ చేయండి.

ఒంటి మీద అడుగు దగ్గర మెరిసే గీత కనిపించిన ప్రతిసారీ కూడా భయపడక్కర్లేదు. డై మూతి ఆగిన చోట పడే గీత కూడా మెరుస్తుంది. ఏది ఏదో తీగ చెబుతుంది.

డబ్బా మూత మీద నాలుగు ముక్కలు రాసి పెట్టండి: ఏ రైఫిల్, ఎన్నోసారి, కాల్చినప్పటి కొలత, సైజ్ చేసిన కొలత. ఒకే క్యాలిబర్ రైఫిళ్ళు రెండుంటే డబ్బాలు రెండు, డై సెట్టింగులు రెండు. రెండింట్లోనూ వాడుకోవాలని పట్టుబడితే, చిన్న ఛాంబర్ ఉన్నదాని కొలతకే నొక్కాలి. అప్పుడు పెద్ద ఛాంబర్ రైఫిల్‌లో కాల్చిన షెల్స్‌ని ప్రతిసారీ తీగతో చూడాల్సిందే.